లిల్లీకయ్యలో గొర్రెలమంద

గ్రామసేవిక అనే ఉద్యోగం ఇప్పుడు ఆ పేరుతో లేదు. వేరే పేర్లతో అదే పని చేసే అమ్మాయిలు మదనపల్లెలో మా ఇంటి ముందు నుంచే స్కూటర్ల మీద వెళ్తుంటారు. అప్పుడప్పుడు ఒకరిద్దరు లోపలికి వచ్చి, కాఫీ తాగి, "ఆ కాలంలో ఎట్లా చేశారు మేడమ్?" అని అడుగుతారు. నడిచి చేశాం అని చెప్తాను. అది నిజమే గానీ పూర్తి జవాబు కాదు. వాళ్ళు వెళ్ళిపోయాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదే అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఏ కాగితం ఎవరికి పంపానో రాయను. అవి చదివితే మీకు నిద్ర వస్తుంది, రాస్తే నాకూ వస్తుంది. డెబ్బైల్లో పుంగనూరు వైపు పల్లెల్లో తిరిగిన రోజుల్లో ఒక కయ్య దగ్గర జరిగిన సంగతి రాస్తాను. కయ్య అంటే మా వైపు బావి నీళ్ళు పారే చిన్న నేలచెక్క. ఆ కయ్యలో లిల్లీలు ఉండేవి. ఈ పని గురించి నాకు తెలిసినదాంట్లో చాలా భాగం దాని గెనిమ మీద, అంటే గట్టు మీద, నిలబడి తెలుసుకున్నదే.

సంచీలో లేని మొక్క

పల్లెల్లో ఆడవాళ్ళ చేత పెరట్లో కూరగాయలు వేయించడం, పిల్లలకు ఆకుకూరలు పెట్టించడం, పొగ రాని పొయ్యి కట్టించడం, ఇవీ మా పనులు. సంచీలో బీర, సొర, బెండ గింజల పొట్లాలు ఉండేవి. నోట్లో సలహాలు ఉండేవి. గింజలు అయిపోయేవి గానీ సలహాలు అయిపోయేవి కావు. పెళ్ళి కూడా కాని పిల్ల సంచీ తగిలించుకుని వచ్చి, ఇంటినిండా పిల్లల్ని పెంచిన తల్లికి పప్పులో ఆకు వేయమని చెప్తే ఆమె ఏమనుకోవాలి? చాలామంది నవ్వి, మజ్జిగ ఇచ్చి పంపేవాళ్ళు. మజ్జిగ మాత్రం ప్రతి ఇంట్లోనూ బాగుండేది.

సదుం దారిలో బస్సు దిగి, రాళ్ళగుట్ట పక్కగా నడిచి వెళ్తే ఒక పల్లె. అక్కడ వెంకటప్ప అనే పెద్ద రైతు ఉండేవాడు. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, ఎద్దులు, ఆవులు, అందరికీ కలిపి ఒకటే బావి. చేలన్నీ వాన మీద ఆధారపడ్డ శెనక్కాయ చేలు. శెనక్కాయ తప్ప నేలలోంచి పుట్టేదంతా ఆయన దృష్టిలో గడ్డే. చివరి కోడలు రాజమ్మ. కుప్పం అవతల, కన్నడ సరిహద్దు దగ్గర ఊరి పిల్ల. అప్పటికి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు.

నేను మొదటిసారి వెళ్ళిన రోజు పెద్ద కోడళ్ళిద్దరూ బీరగింజలు తీసుకున్నారు. రాజమ్మ తీసుకోలేదు. నేను బయల్దేరుతుంటే మెల్లగా జాలాడి దగ్గరికి పిలిచింది. జాలాడి అంటే పెరట్లో నీళ్ళు పోసుకునే, గిన్నెలు తోముకునే చోటు. అక్కడ గోడ మూలలో దాచిన గుడ్డమూట విప్పింది. చిన్న ఉల్లిగడ్డల్లాంటి గడ్డలు, పైన ఎండిన పొరతో.

"లిల్లీ గడ్డలు మేడమ్. నేనొచ్చేటప్పుడు మా అమ్మ కట్టిచ్చింది. యాడ నాటాల్నో తెలీక పెట్టుకోనుండా."

"పెరట్లో నాటుకో."

"పెరట్లో కోళ్ళుండాయి. గోడ పక్కన మా అక్కోళ్ళు బీరతీగ పెడతాండారు. ఈడ నాకు చోటేదుండాది?"

అక్కోళ్ళు అంటే తోడికోడళ్ళు. ఆమె మాటలో ఫిర్యాదు లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే.

మా వైపు లిల్లీ అంటే తెల్లపూల లిల్లీయే. గడ్డలోంచి సన్నటి ఆకులు పొదలా వస్తాయి, మధ్యలోంచి పొడుగాటి కాడ లేస్తుంది, కాడ నిండా వరసగా మొగ్గలు. పొద్దు వాలేటప్పటికి విచ్చి వాసన కొడతాయి. కుప్పం దాటితే సుగంధరాజ అంటారు. దండల్లోకి, పెళ్ళి పందిళ్ళలోకి అదే పువ్వు.

"మా అమ్మోళ్ళింట్లో పొద్దన లేస్తే ఈ వాసన మేడమ్. ఈడ లేస్తే పేడవాసన. పేడ తప్పని కాదు. రెండూ ఉంటే బాగుంటాది గదా," అంది రాజమ్మ.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసు కలుక్కుమంది. అన్ని ఊళ్ళు తిరిగి అందరికీ నా సంచీలో ఉన్నదే ఇచ్చాను. మీకేం కావాలని ఎవరినీ అడగలేదు. అడక్కపోయినా చెప్పిన మొదటి మనిషి ఈమె. ఆమె అడిగినది నా సంచీలో లేదు, నా ఉద్యోగంలోనూ లేదు. అయినా సరే, వెంకటప్ప దగ్గరికి వెళ్ళాను.

ఆయన వాకిట్లో కూర్చుని పగ్గం పేనుతున్నాడు. రాజమ్మ తలుపు వెనక నిలబడింది. ఆ ఇంట్లో కోడళ్ళు మామతో నేరుగా మాట్లాడే అలవాటు లేదు. చెప్పాల్సింది భర్తలతో చెప్పించాలి. రాజమ్మ భర్త రామచంద్ర చాలా మంచివాడు, తండ్రి ముందు మాత్రం నోరు లేనివాడు. అందుకని ఆ పని నా మీద పడింది.

"పూలా? పూలు తింటారామ్మా?" అన్నాడు వెంకటప్ప.

"తినరు."

"ఎద్దులు తింటాయా?"

"తినవు."

"మరి యాల?"

"మీ కోడలు అడుగుతా ఉంది. అందుకు."

పగ్గం పేనడం ఆపి, తలుపు వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ పేనడం మొదలుపెట్టాడు. పేనుతూనే, "బావి పక్కన చిన్న కయ్యుండాది. ఒక్క ఏడు ఇస్తా. పూలు సక్కంగా రావాల. రాకుంటే మళ్ళా శెనక్కాయే," అన్నాడు.

గడ్డ నాటడం

లిల్లీ నాటడం కష్టమేమీ కాదు. అందుకే చాలామంది చెడగొడతారు. తవ్విన గడ్డను వెంటనే నాటకూడదు. నీడలో పరిచి కొన్నాళ్ళు ఆరనివ్వాలి. గట్టిగా, నిండుగా ఉన్న గడ్డలు ఏరుకోవాలి. చిన్నవి నాటితే ఆ ఏడు ఆకే వస్తుంది, పువ్వు రాదు. మొన పైకి ఉండాలి. గడ్డ మీద నాలుగు వేళ్ళ మందం మట్టి పడితే చాలు. అన్నిటికంటే ముఖ్యం, నీళ్ళు నిలవకూడదు. మట్టిని ఎత్తుగా బోదె తోలి, బోదె పక్కన నాటితే తడి తగులుతుంది గానీ గడ్డ మునగదు.

రామచంద్ర బోదెలు తోలాడు. రాజమ్మ, నేను నాటాం. సరదాకి పెద్ద కోడలు కూడా ఒక వరస నాటింది. ఆ వరసంతా తలకిందులుగా నాటిందని మొలకలు వంకర తిరిగి వచ్చాక తెలిసింది. అయినా వచ్చాయి. లిల్లీకి అంత రోషం లేదు.

మొదటి ఏడు పూలు వచ్చాయి గానీ కాడలు పొట్టిగా, పూలు పలచగా వచ్చాయి. అది ఎర్రనేల, సత్తువ లేదు. ఉన్న పెంటంతా శెనక్కాయ చేలకే పోయేది, కయ్యకు తట్టెడు కూడా దక్కలేదు. ఇంట్లో దేవుడి పటాలకు, ఆడవాళ్ళ దండలకు సరిపోయాయి. రాజమ్మ ముఖంలో కళ వచ్చింది. వెంకటప్ప మాత్రం గెనిమ మీద నిలబడి, "ఇంతేనా?" అన్నాడు. ఆ మాట విని రాజమ్మ దిగులు పడింది.

రామచంద్ర ఎట్లాగో ధైర్యం చేసి ఇంకొక్క ఏడు అడిగాడట. తండ్రి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. తొలివాన పడి శెనక్కాయ విత్తే నాటికి కయ్యలో మొలకలు నిండుగా కనపడాలి. కనపడకపోతే అదే రోజు కయ్యలోకి నాగలి.

నీళ్ళు పోసే అధికారి

ఇక్కడ మా పై అధికారి గురించి చెప్పాలి. పేరు, ఆఫీసు ఉన్న ఊరు చెప్పను, మంచి మనిషి. ఆయనది గోదావరి డెల్టా. కాలవలు చూసి పెరిగిన కళ్ళకు మా రాళ్ళు, గుట్టలు చూస్తే దాహం వేసేది. జీపు దిగగానే మంచినీళ్ళు అడిగేవారు. మొక్క కనబడితే దానికీ నీళ్ళు పోయమనేవారు.

"మా వైపు నీళ్ళు పోస్తే రాయి కూడా మొలుస్తుందండీ," అనేవారు.

రాజమ్మ కయ్య సంగతి విని, కొన్ని గడ్డలు తెప్పించి ఆఫీసు ముందు మడి కట్టించారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు. ఎండకు పాపం అని మధ్యాహ్నం కూడా. గడ్డలు కుళ్ళిపోయాయి. ఆఫీసులోకి వచ్చినవాళ్ళంతా ముక్కు మూసుకుని, ఎలుక చచ్చిందేమోనని బీరువాల వెనక వెతికారు. చివరికి వాసన మడిలోంచి అని తేలింది. ఆయన మా అందరికంటే ఎక్కువ నవ్వారు. చేసిన పొరపాటుకు తానే ముందు నవ్వగలిగిన అధికారి దొరికితే మీరు అదృష్టవంతులు. నాకు అట్లాంటివాళ్ళు ఇద్దరే దొరికారు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. "కూరగాయలు వదిలేసి పూల వెంట తిరుగుతోందట," అని ఎవరో నా మీద ఆయనకు చెప్పారు. ఆయన నన్ను పిలిచి, "ఆ ఇంట్లో కూరగాయలు కూడా వేస్తున్నారా?" అని అడిగారు. వేస్తున్నారన్నాను. "అయితే పూలూ చూడండి. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను," అన్నారు. అంతకంటే అధికారి చేయగల సహాయం ఏముంటుంది?

మూడు వద్దులు

మరుసటి ఎండాకాలం మొదట్లో రాజమ్మకు నెలలు నిండుతున్నాయని పుట్టింటికి పంపుతున్నారు. వెళ్ళేముందు నన్ను పిలిపించింది. కయ్యలో నీళ్ళు ఆపేసి అప్పటికే కొన్నాళ్ళయింది. ఆకులు పండి వాలిపోతున్నాయి. పాతకాడలు కోసేసింది.

"ఇప్పుడు గడ్డలు పడుకునే కాలం మేడమ్. నీళ్ళు కట్టొద్దు. దున్నొద్దు. ఎట్లుండాయో అని తవ్వి సూడొద్దు. వానొస్తే అవే లేస్తాయి. మామకు నేనెట్ల చెప్పేది, మీరు చెప్పండి."

నేను వెళ్ళి అట్లాగే చెప్పాను. వెంకటప్ప శ్రద్ధగా విన్నాడు.

"గడ్డలు నిద్రపోతాండాయి అంటావు."

"అవును పెద్దాయనా. కయ్యను అట్లే వదిలేయండి."

"నీళ్ళు వద్దు, నాగలి వద్దు, తవ్వడం వద్దు. అంతే గదా? నిద్రపోయేదాన్ని లేపేవాణ్ణి కాదులేమ్మా నేను. కోడల్ని దిగులు లేకుండా పొయ్యి రమ్మను."

ఆ మాట రాజమ్మకు చేరవేశాను. ఆమె నిశ్చింతగా బస్సెక్కింది. నేనూ నిశ్చింతగానే ఉన్నాను.

మంద

పుంగనూరు వైపు ఎండాకాలంలో గొర్రెలమందకు ఉండే గిరాకీ ఇప్పటి పిల్లలకు తెలియదు. కాపరి తన మందను రాత్రిళ్ళు ఒకరి ఖాళీ చేలో పడుకోబెడతాడు. తెల్లారేసరికి పెంట, ఉచ్చ నేలలోకి దిగుతాయి. ఆ చేలో వచ్చే పంట చూసి పక్క చేనువాడు కుళ్ళుకుంటాడు. మందను ముందు ఎవరి చేలో కట్టాలనే దాని మీద అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్ళు నాకు తెలుసు. మా పల్లెలకు వచ్చే కాపరి పేరు మల్లప్ప. ఆ నెలల్లో అతనికి జరిగే మర్యాద కొత్త అల్లుడికి కూడా జరగదు.

ఒక పొద్దున బస్సు దిగి వెంకటప్ప ఇంటి వైపు నడుస్తుంటే, బావి దగ్గర గొర్రెల అరుపులు వినిపించాయి. వెళ్ళి చూస్తే లిల్లీకయ్య నిండా గొర్రెలు. గెనిమ నుంచి గెనిమ దాకా సందు లేకుండా పడుకున్నాయి. కొన్ని లేచి, మిగిలిన ఎండాకుల్ని కూడా నములుతున్నాయి. గెనిమ మీద వెంకటప్ప మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. పక్కన మల్లప్ప కట్టెకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏంది పెద్దాయనా ఇది?"

"మందమ్మా. సూడు, ఎంత బాగా పడుకోనుండాయో."

"లిల్లీల మీదా?"

"నీళ్ళు కట్టినానా? లేదు. దున్నినానా? లేదు. తవ్వి సూసినానా? లేదు. పడుకున్న నేలకు మంద కట్టకుండా ఎవురైనా ఉంటారా?"

గొర్రెలు వద్దని ఎవరూ చెప్పలేదు. రాజమ్మకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. కుప్పం పిల్లకు, టౌను పిల్లకు తట్టని సంగతి అది. కానీ ఆ క్షణంలో నాకు కోపం తన్నుకొచ్చింది. కోడలు లేని సమయం చూసి కయ్యను శెనక్కాయకు సిద్ధం చేసుకుంటున్నాడని అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఆయన ముఖం మీదే అన్నాను.

వెంకటప్ప ముఖం ఎర్రబడింది. "లాక్కోవాలనుకుంటే నాగలి కడతా. మంద యాల కట్టిస్తా?" అన్నాడు.

మల్లప్ప కల్పించుకున్నాడు. "ఆయన పెద్ద సేన్లకు పోవాల్సిన మందమ్మా ఇది. ముందు ఈడ కట్టు, పోయినేడు పూలు సన్నంగా వచ్చినాయి, కోడలుబిడ్డ దిగులు పడినాది అని తోలించినాడు. పెద్దకొడుకు గొణగతాండాడు. ఊర్లోవాళ్ళు నన్ను తిట్టుకుంటాండారు."

ఆ ముసలాయన తన దగ్గరున్న అన్నిటికంటే విలువైనది కోడలి కయ్యకు పెట్టాడు. మా వృత్తిలో ఎవరినైనా తప్పుపట్టేముందు, ఎందుకు చేశావని ఒక్క మాట అడగండి. నేను అడగలేదు. ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆయన తల ఊపాడు.

కానీ మంచి మనసుతో చేసినంత మాత్రాన గడ్డలు బతకవు. పచ్చి ఉచ్చ వేడికి లేత మొక్కలు మాడిపోవడం వేరే చేలల్లో చూశాను. పైగా అన్ని గిట్టలు తొక్కిన నేల బండలా గట్టిపడింది. ఆ సంగతి చెప్పాను. వెంకటప్ప లేచి నిలబడ్డాడు.

"అయితే సచ్చిపోతాయా?"

"తెలీదు పెద్దాయనా."

"బిడ్డ వచ్చి అడిగితే ఏం చెప్పాల?"

ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడని పెద్ద కోడలు చెప్పింది.

ఏమీ చేయకపోవడం

నేను ఆఫీసులో చెప్పగానే మా డెల్టా అధికారి జీపు తీశారు. కయ్యను చూసి, వెంటనే తేల్చేశారు. "ఏముందండీ, నిండా నీళ్ళు పెట్టేయండి. ఘాటంతా కడుక్కుపోతుంది."

బావిలోకి తొంగి చూశాను. నీళ్ళు అడుగున ఉన్నాయి. పశువుల తాగుడుకే చాలీచాలనివి. అయినా వెంకటప్ప వెంటనే రామచంద్ర వైపు తిరిగి, "మోటారెయ్యి," అన్నాడు. పూలు ఎద్దులు తింటాయా అని అడిగిన మనిషే ఎద్దుల నీళ్ళు పూలకు పెట్టమంటున్నాడు. రామచంద్ర కదలకుండా నిలబడ్డాడు.

"సార్, మన ఆఫీసు ముందు మడి గుర్తుందా?" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పగలబడి నవ్వారు. "గుర్తుందండీ. నా మాట వినకండి," అన్నారు. నవ్వు ఆగాక, "పోనీ ఒక్క గడ్డ తవ్వి చూద్దాం, బతికుందో లేదో తెలుస్తుంది," అని పార అడిగారు.

వెంకటప్ప పారకు అడ్డంగా నిలబడ్డాడు. "తవ్వి సూడొద్దని సెప్పింది సార్ మా కోడలు. సెప్పినవి మూడు. ఆ మూడూ నేను తప్పలేదు, ఇప్పుడూ తప్పను."

ఇక చేయడానికి ఏమీ లేదు. నీళ్ళు పోయలేం, తవ్వలేం, దున్నలేం. జీపు వెనక్కి తిరిగింది. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. జీపు వచ్చిందంటే ఏదో ఒకటి చేసి చూపించాలని మన చేతులు దురద పెడతాయి. చేయకుండా ఆగడానికి చాలా ఓపిక కావాలి, పైగా ఎవరూ మెచ్చుకోని పని అది. ఆ ఎండాకాలమంతా నేను మదనపల్లె వెళ్ళినా, హార్స్లీ హిల్స్ మీద మీటింగులో చల్లగాలికి కూర్చున్నా, ఆ కయ్యే కళ్ళ ముందుండేది. పుట్టింట్లో ఉన్న రాజమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. పచ్చి బాలింతకు ఏమని చెప్తాం?

నాగలి

తొలివాన పడింది. ఊరంతా విత్తే గొర్రులు, నాగళ్ళు తీశారు. వెంకటప్ప చేలల్లో శెనక్కాయ విత్తడం మొదలై, అయిపోయింది కూడా. లిల్లీకయ్యలో మొలక లేదు. వానకు తడిసి, ఎండకు ఆరి, నేల పైన అట్ట కట్టింది.

ఆ రోజు నేను వెళ్ళేసరికి పెద్దకొడుకు ఎద్దుల్ని పట్టుకుని గెనిమ దగ్గర నిలబడి ఉన్నాడు. మంద పెంట తిన్న నేల, శెనక్కాయ వేస్తే గంపలకు గంపలు పండుతుందని అతని ఆశ. అందులో తప్పేమీ లేదు.

"నాయనా, ఇత్తే నాటికి మొలకలు రాకుంటే నాగలి పెడతానని నువ్వే అన్న్యావు గదా?"

"అన్న్యా. కాదన్లేదే. ఎద్దులు అలిసినాయి, ఈ పొద్దు వద్దు," అన్నాడు వెంకటప్ప.

మర్నాడు నాగలి కర్రు అరిగిందన్నాడట. ఆ మర్నాడు పొద్దు మంచిది కాదన్నాడు. ఆ తర్వాత నడుం నొప్పన్నాడు. నీ నడుంతో పనేంది, దున్నేది నేను గదా అని కొడుకు అడిగితే, నొప్పిగా ఉన్నప్పుడు ఎదురు మాట్లాడొద్దన్నాడు. ఒకసారి ఇచ్చిన మాట మీద నుంచి కదలడని పేరున్న మనిషి. ఊళ్ళో నవ్వుకున్నారు. నేను ఆ వారం ఇంకోసారి వెళ్ళినప్పుడు ఆయన కయ్యలో గొంతుక్కూర్చుని, వేళ్ళతో అట్టకట్టిన మట్టిని చిదుపుతున్నాడు. గడ్డ దాకా పోకుండా, పైపైన, పసిబిడ్డ తల మీద నూనె అద్దినట్టు.

"ఇది తవ్వడం కాదు గదమ్మా?" అని అడిగాడు.

"కాదు పెద్దాయనా."

రెండో వాన పడిన తర్వాత నేను ఆ దారిలో బస్సు దిగేసరికి, రోడ్డు పక్కన రాయి మీద వెంకటప్ప కూర్చుని ఉన్నాడు. ఆయన ఎవరి కోసమూ రోడ్డు దాకా వచ్చే మనిషి కాదు. "రా," అని ముందు నడిచాడు. నేను వెనక పరుగులాంటి నడక.

కయ్యలో వరసల వెంబడి మొలకలు. పోయినేడు చూసినట్టు సన్నగా కాదు. బొద్దుగా, ముదురాకుపచ్చగా, మట్టి పెళ్ళల్ని నెత్తిన మోసుకుంటూ లేస్తున్నాయి. పెద్ద కోడలు తలకిందులుగా నాటిన వరస కూడా. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను కూడా తుడుచుకున్నాను, సిగ్గేముంది. కాసేపటికి ఆయన పెద్దకొడుకుతో, "ఎద్దుల్ని ఇప్పి మేపుకోపో. నాకు నడుం నొప్పి తగ్గింది," అన్నాడు.

రాజమ్మ ఆడపిల్లను ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి కాడలు ఆమె నడుం దాటి లేచాయి. పూల బరువుకు ఒరిగిపోతుంటే రామచంద్ర పుల్లలు పాతి కట్టాడు. ఆమె కయ్యంతా తిరిగి చూసి, లోపలికి వచ్చి నా చెవిలో అడిగింది.

"ఏం ఎరువేసినారు మేడమ్?"

జరిగిందంతా చెప్పాను. గొర్రెలు ఆకులు నమిలిన దగ్గర మొదలుపెట్టి నడుం నొప్పి దాకా వచ్చేసరికి ఆమె నవ్వు ఆపుకోలేక బిడ్డను లేపేసింది. బిడ్డను ఊరుకోబెడుతూ ఉన్నట్టుండి అడిగింది.

"పెద్ద సేన్లకు కాకుండా, ముందు నా కయ్యకు తోలించినాడా మామ?"

"అవును."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, బిడ్డను భుజాన వేసుకుని చాలాసేపు అట్లాగే కూర్చుంది. ఆ ఏడు పూలు తట్టల్లో మదనపల్లె అంగళ్ళకు పోయేవి. బస్సు దగ్గరికి తట్ట ఎత్తుకొచ్చేది వెంకటప్పే. కండక్టరు ఎగతాళి చేస్తే, "పూలు తినేదానికి కాదప్పా, సూసేదానికి," అనేవాడు, తానే కనిపెట్టినట్టు.

మల్లప్ప అడిగిన మాట

తర్వాత నాకు కుప్పం బదిలీ అయింది. ఎనభైల్లో చాలా ఏళ్ళు అక్కడే పనిచేశాను. అక్కడి వాళ్ళకు లిల్లీల గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. తెల్లారకముందే మొగ్గలు కోసి, తడిగుడ్డ కప్పి, బెంగళూరు రైలుకు బుట్టలు ఎక్కించేవాళ్ళు. కానీ ఏ కొత్త పల్లెకు వెళ్ళినా, సంచీ విప్పకముందే ఆడవాళ్ళను ఒక మాట అడగడం అలవాటు చేసుకున్నాను. ఈ ఇంట్లో మీదంటూ ఉన్న చోటేది అని. చాలామంది తెల్లబోయి చూసేవాళ్ళు. కొందరు ఒక మూల చూపించేవాళ్ళు. అక్కడి నుంచి పని మొదలుపెట్టేదాన్ని. ఆ ప్రశ్న నాకు ఎందుకు అంత ముఖ్యమైందో చెప్పాలంటే, పుంగనూరు వదిలే ముందు సెలవు తీసుకుందామని రాజమ్మ ఇంటికి వెళ్ళిన రోజు గురించి చెప్పాలి.

మళ్ళీ ఎండాకాలం. వెంకటప్ప వాకిట్లో పగ్గం పేనుతున్నాడు. కొడుకులు చుట్టూ ఉన్నారు. నేను లోపల రాజమ్మ దగ్గర కూర్చున్నాను. మల్లప్ప వచ్చి, కట్టె గోడకు ఆనించి నిలబడ్డాడు.

"ఈ తూరి మందను ముందు యాడ కట్టమంటావప్పా? ఊర్లో అందరూ అడగతాండారు. నువ్వు చెప్తే రేపు తోలుకొస్తా."

"గుట్ట కింది సేన్లో," అన్నాడు పెద్దకొడుకు.

వెంకటప్ప తల ఎత్తలేదు. "ముందు బావికయ్య. ఆడ అయినాక గుట్ట కింద."

"బావికయ్యలో ఎన్ని రేత్రిళ్ళు?" అని అడిగాడు మల్లప్ప.

"నన్ను యాల అడగతావు? ఆ కయ్య నాది కాదు, కోడలిది. ఆయమ్మనడుగు."

పెద్దకొడుకు తండ్రి వైపు చూశాడు. రామచంద్ర తలుపు వైపు చూశాడు. అన్నాళ్ళుగా ఆ ఇంటికి తిరుగుతున్నా, మామ వినేటట్టు రాజమ్మ మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు. ఆమె నా వైపు చూసింది. చెప్పమన్నట్టుగానే చూసింది, అలవాటు ప్రకారం. నేను చెప్పలేదు.

రాజమ్మ లేచింది. బిడ్డను చంకనేసుకుని, కొంగు సర్దుకుని, తలుపు దాటి గడప మీదికి వచ్చి నిలబడింది. మల్లప్ప వైపు తిరిగి చెప్పింది.

"రెండు రేత్రిళ్ళు చాలు మల్లన్నా. లిల్లీల ఆకు కోసి పెట్టినా. రేపే తోలుకోని రా. పెద్ద గొర్రెల్ని గెనిమ పక్కకు కట్టు, ఆడ నేల బలం తక్కువుండాది."

వెంకటప్ప పగ్గం ముడి వేసి, లాగి చూసుకున్నాడు. అప్పుడు తల ఎత్తి మల్లప్పతో అన్నాడు.

"ఇన్నావు గదా. ఇంకా యాల నిలబడుకోనుండావు? పో, రేపు తోలుకోని రా."